ఎగువ గిన్నె, దిగువ గిన్నె

ఒకానొక రాజ్యంలో కీర్తిభూషణుడనే రాజు ఉండేవాడు. పేరుకు ముందు ఇరవై నాలుగు బిరుదులు. భట్రాజులు అవన్నీ గొంతెత్తి చదివితే తప్ప ఆయన సింహాసనం మీద కూర్చునేవాడు కాదు. ఆయన కొలువులో తిప్పన అనే విదూషకుడు ఉండేవాడు. నవ్వించడం అతని ఉద్యోగం. కానీ ఈ కథ జరిగిన మూడు రోజులూ తిప్పనకు నవ్వు రాలేదు.

ఆ రాజ్యానికి ప్రాణం పెద్దకాలువ. దాని నీళ్ళు పంచడానికి మూడేళ్ళకోసారి రైతులే అయిదుగురు పెద్దల్ని ఎన్నుకునేవారు. ఎన్నికకు ముందు ఆ పెద్దమనుషులు గుడిసె గుడిసెకూ వచ్చి, అక్కా, బావా అని వరసలు కలిపి, చేతులు పట్టుకుని వదిలేవాళ్ళు కాదు. గెలిచిన మర్నాడు కాలువ చావడిలోకి వెళ్ళి తలుపులు బిగించుకునేవాళ్ళు. మళ్ళీ మూడేళ్ళ దాకా ఆ చుట్టరికాలు గుర్తుండేవి కావు.

నీళ్ళ వంతు గడియల్లో ఉండేది. గడియ గిన్నె అంటే అడుగున సన్నటి చిల్లు ఉన్న రాగి గిన్నె. నీళ్ళ తొట్టిలో వదిలితే చిల్లులోంచి నీరెక్కి, నిండి, మునిగిపోతుంది. మునిగితే ఒక గడియ అయినట్టు. అప్పుడు జేగంట కొడతారు. చావడిలో అలాంటివి రెండుండేవి. ఎగువ పొలాలకొకటి, దిగువ పొలాలకొకటి. రెండింటి మీదా రాజముద్ర ఉండేది. రెండూ ఒకటేనని పెద్దలు చెప్పేవారు. బయటి రైతులకు గంట వినిపించేదే గాని గిన్నె కనిపించేది కాదు. చూస్తామంటే, "గిన్నె దేవతా స్వరూపం, పదిమంది కళ్ళూ పడితే అపచారం" అని కళ్ళెర్రజేసేవాళ్ళు. ఆ అయిదుగురి పొలాలూ ఎగువనే ఉన్నాయని వేరే చెప్పాలా?

ఒకనాడు సింగమ్మ అనే దిగువ రైతు కొలువుకు వచ్చింది. భర్త పోయాక ఒక్క మడిచెక్కను నమ్ముకుని బతుకుతున్న మనిషి.

"మారాజా, నా వంతు నాలుగు గడియలు. నీళ్ళు నా గట్టు దాటకముందే నాలుగు గంటలూ మోగిపోతన్నాయి. అదే పెద్దల వంతప్పుడు నేను సంకటి వండుకుని తిని, గొడ్లకు కుడితి పెట్టొచ్చినా ఒక్క గంట కూడా మోగదు. ఆళ్ళ గడియ ఒకటీ, మా గడియ ఒకటీనా? చేను ఎండిపోతోంది బాబూ. ఈ వంతు కూడా తప్పితే ఇంక గింజ రాదు."

పెద్దల్లో పెద్ద బసివినాయుడు ఆ వేళ కొలువులోనే ఉన్నాడు. రెండు చేతులూ జోడించి, "మహాప్రభో, మమ్మల్ని ఎన్నుకున్నది వీళ్ళే. నిందలు వేసేదీ వీళ్ళే. తమ ముద్ర ఉన్న గిన్నెనే శంకిస్తుంటే మా బోటివాళ్ళం ఎంత?" అన్నాడు, గొంతు వణికిస్తూ.

ముద్ర అనే మాట వినగానే రాజుగారి మీసం లేచింది. "మా ముద్రను అనుమానిస్తే మమ్మల్ని అనుమానించినట్టే! మూడో రోజుకల్లా తప్పు నిరూపించు. లేకుంటే నీ మడిచెక్క జప్తు!"

"నేనెట్టా రుజువు చేసేది మారాజా? గిన్నె తలుపుల వెనకాల ఉంది కదా!"

"అది మాకు అనవసరం."

తిప్పనకు ఒళ్ళు మండిపోయింది. చూడనివ్వరు, చూడకుండానే రుజువు చెయ్యమంటారు! ఇది న్యాయమా, గొంతు నులమడమా? అతను ఆ సాయంత్రమే సింగమ్మ చేనుకు వెళ్ళాడు. నేల పగుళ్ళలో అతని వేళ్ళు కణుపుల దాకా దిగాయి. పైరు ఆకులు చుట్టలు చుట్టుకుపోయాయి. ఆమెకు మళ్ళీ వంతు వచ్చేది రాజు గడువిచ్చిన మూడో రోజేనట. గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు.

మర్నాడు కొలువులో లేచి నిలబడ్డాడు. "ప్రభూ, నిన్న తమ ముద్రకు అవమానం జరిగింది. రేపు తమ సూర్యజపం నాడు కోట గడియారపు గిన్నెను పక్కన పెట్టి, కాలువ గిన్నెలతోనే వేళ చూద్దాం. గంట బసివినాయుడుగారే కొట్టాలి. అందరి ముందూ ఆయనకింత గౌరవం జరిగితే ఇంక ఏ నోరూ లేవదు."

రాజు తల ఊపాడు. బసివినాయుడి మొహంలో రంగు మారింది. "ఎందుకు ప్రభో, కోట గిన్నె ఉండగా ఆ పాత గిన్నెలు..." అని నసిగాడు.

"అదేమిటి నాయుడుగారూ," అన్నాడు తిప్పన. "రాజముద్ర ఉన్న గిన్నె పాతదై పోతుందా?"

రాజు అప్పటికప్పుడే భటుల్ని పంపి చావడిలోని రెండు గిన్నెల్నీ కోటకు తెప్పించాడు.

అది పుష్యమాసం. రాజు ఏటా ఒకనాడు కోనేటిలో గుండె లోతు నీళ్ళలో నిలబడి, ఒక గడియసేపు జపం చేసేవాడు. తర్వాత మెట్ల మీద వెచ్చటి శాలువా కప్పుకుని, ఇంకో గడియసేపు బిరుదులు చదివించుకునేవాడు. ఊరంతా చూడటానికి వచ్చేది. ఆ రోజు జనం మధ్యలో తొట్టి పెట్టించి, "తమరు అందరికన్నా ఎగువ కాబట్టి జపానికి ఎగువ గిన్నె" అంటూ తిప్పన దాన్ని నీళ్ళలో వదిలాడు.

రాజు కళ్ళు మూసుకుని సహస్రనామం మొదలుపెట్టాడు. ఏటా చివరి నామానికి సరిగ్గా గంట మోగేది. ఈసారి చివరి నామం అయిపోయింది. గంట లేదు. మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఒక నామం సగంలో విరిగి, ఇంకో నామం మధ్యలో లేస్తోంది.

"గంట... గంట ఏదిరా?"

జేగంట సుత్తి పట్టుకున్న బసివినాయుడి నుదుట, ఆ చలిలో, చెమట పట్టింది. చావడిలో అయితే గిన్నె ఎలా మునిగినా చూసేవాళ్ళు లేరు. ఇక్కడ వేయి కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి. గిన్నె మాత్రం సగానికి కాస్త పైగా నిండి, నింపాదిగా తేలుతోంది.

సహస్రనామం రెండోసారి కూడా పూర్తయ్యాక గిన్నె మునిగింది. రాజును నలుగురు పట్టుకుని బయటికి తెచ్చారు. శాలువాలు కప్పి, నిప్పుల కుంపటి దగ్గర కూర్చోబెట్టారు. కాస్త ప్రాణం లేచొచ్చాక ఆయన భట్రాజుల వైపు చెయ్యి ఊపాడు. తిప్పన దిగువ గిన్నెను వదిలాడు.

భట్రాజు గొంతు సవరించుకుని అయిదో బిరుదు దాకా వచ్చాడో లేదో గిన్నె మునిగింది. చేసేదేమీ లేక బసివినాయుడు గంట కొట్టాడు. తిప్పన "గడియ అయింది, చాలు!" అని భట్రాజును కూర్చోబెట్టాడు.

"ఎవడ్రా అది!" రాజు శాలువాలు విసిరేసి లేచాడు. "నీళ్ళలో నిలబెట్టినప్పుడు గడియ ఒక యుగం, బిరుదులు చదివేటప్పుడు గడియ ఒక చిటికా? ఏ దొంగ చేశాడీ గిన్నెల్ని?"

తిప్పన కోట గిన్నెను తెప్పించాడు. మూడింటినీ ఒకేసారి తొట్టిలో వదిలాడు. దిగువ గిన్నె ముందుగా బుడుంగున మునిగింది. చాలాసేపటికి కోట గిన్నె మునిగింది. ఎగువ గిన్నె ఇంకా తేలుతూనే ఉంది. అందరూ దాన్నే చూశారు.

"ఇవి తమ ముద్ర ఉన్న గిన్నెలే ప్రభూ," అన్నాడు తిప్పన. "దొంగలు చిల్లులు పెట్టారు. తమరు చూడకుండా ముద్ర వేశారు. ఒక్క గడియ వణికినందుకు తమకింత కోపం వచ్చింది. సింగమ్మ మూడేళ్ళుగా ఎండుతోంది. ఆమె నోరు తెరిస్తే మడిచెక్క జప్తు అన్నారు."

రాజు బసివినాయుణ్ణి చూశాడు. వాడు సుత్తిని వీపు వెనక దాచుకుంటున్నాడు. రాజుకు ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈ అయిదుగురినీ తీసేయండి! రైతులు కొత్తవాళ్ళను ఎన్నుకుంటారు. ఈ పంట చేతికొచ్చేదాకా వీళ్ళ పొలాలన్నిటికీ ఈ దిగువ గిన్నెతోనే నీళ్ళు! తిప్పనా, నీకేం కావాలో కోరుకో. ఊరడిగినా ఇస్తాను."

జనం కూడా నవ్వారు. తిప్పన మాత్రం నవ్వలేదు.

"ఈ రోజు సింగమ్మ వంతు ప్రభూ. కోట గిన్నెను తూము దగ్గర, ఆరుబయట పెట్టించండి. ఎవరైనా వచ్చి చూడొచ్చని చాటింపు వేయించండి. ఇక కాలువ నీళ్ళు కొలిచే గిన్నె ఎప్పటికీ అక్కడే ఉండాలి. నీళ్ళు పారినంతసేపూ తమరు ఆమె గట్టు మీద నిలబడాలి. నాకు ఇంకే బహుమానమూ వద్దు."

రాజు నవ్వు ఆగిపోయింది. కానీ మాట ఇచ్చాడు గనక వెళ్ళాడు. పట్టుచెప్పులు విప్పి, ఆ గట్టు మీద నిలబడ్డాడు. తూము ఎత్తారు. మొదటి గంట మోగేసరికి నీళ్ళు గట్టు దాటాయి. రెండో గంటకు పగుళ్ళన్నీ నిండాయి. మూడో గంటకు చేనంతా తడిసింది. నాలుగో గంట మోగేసరికి మడి నిండి, నీళ్ళు రాజుగారి పాదాల దాకా వచ్చాయి.

సింగమ్మ చేను మధ్యలో చీలమండల లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఆమె రాజుకు దండం పెట్టలేదు. తిప్పనకూ పెట్టలేదు. వంగి రెండు చేతుల్లోకి నీళ్ళు తీసుకుని, వాటివైపే చూస్తూ అడిగింది.

"ఇన్ని నీళ్ళూ మావేనా బాబూ, ఇన్నాళ్ళూ?"

ఇరవై నాలుగు బిరుదుల రాజు తల వంచుకున్నాడు.