పది కొలతల కుండ

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా నాలుక మీద పల్లేరు మొలవాలి!

వీరగిరి కోటలో కోదండపాణి అనే కొలతల అధికారి ఉండేవాడు. మీసంలో వెంట్రుకలు అటూ ఇటూ సమానమని లెక్కపెట్టుకున్నాకే గడప దాటేవాడు.

రాకుమారి పెళ్లికి కుమ్మరి సంజమ్మ బండెడు అరివేణి కుండలు తెచ్చింది. పక్కనే రాజుగారు కూర్చున్నారు.

"పది కుండలు కొలుస్తా. నా కొలత దారానికి వెంట్రుకవాసి తేడా వచ్చినా నీ ఆవం కూల్పించేస్తా" అన్నాడు అధికారి.

కుండలు కాల్చే ఆ ఆవమే పోతే సంజమ్మ ఇంటిల్లిపాదికీ గంజినీళ్లు కూడా ఉండవు. అయితే ఆమె ఒకటి గమనించింది. ఆయన కళ్లు దారం మీదే తప్ప కుండ మీద వాలడం లేదు.

"వెంట్రుకవాసి ఎక్కువ!" అన్నాడు మొదటి కుండకి దారం చుట్టి.

సంజమ్మ ఆ కుండను బండి చుట్టూ తిప్పి మళ్లీ ఆయన ముందే పెట్టింది.

"వెంట్రుకవాసి తక్కువ!"

మళ్లీ తిప్పింది.

"రెండు వెంట్రుకలు ఎక్కువ!"

పదోసారికి రాజుగారు నవ్విన నవ్వుకి కిరీటం జారి ఒళ్లో పడింది, కోట పెంకులు నూరు లేచిపోయాయి.

"నవ్వుతారేమిటి ప్రభూ! పది కుండలూ పది కొలతలు!"

"పది కాదు దొరా, ఒక్కటే. దాన్నే పదిసార్లు తిప్పాను. నా కుండ పెరగనూ లేదు, తరగనూ లేదు. ఇప్పుడు కూల్చాల్సింది ఆవాన్నా, ఆ దారాన్నా?" అంది సంజమ్మ.

దారం పొయ్యిలోకి పోయింది, కుండలు పెళ్లిపందిట్లోకి వెళ్లాయి.

అలా నోరు తెరుచుకుని కూర్చోకపోతే, పెరట్లోకెళ్లి కాస్త కరివేపాకు కోసుకురా. రెబ్బలు లెక్కపెడుతూ నించోకు, పోపు మాడిపోతోంది!