అత్తరు దూది

కుడి ఇండికేటరు తనంతట తాను ఆరడం లేదు. తప్పు సుభాషిణిది.

అరవై ఏళ్ల కిందటి నల్లకారు అది. హారన్ మీట, ఇండికేటరు పుల్ల, వాటి తీగలు అన్నీ స్టీరింగు గొట్టంలోనే ఇరుక్కుని ఉంటాయి. మూడు రోజులు కూర్చుని అరిగిన ఇత్తడి రింగును సానబట్టింది. పెళుసెక్కిన తీగలకు కొత్త తొడుగులు వేసింది. వేలు కూడా దూరని చోట టంకం పెట్టింది. హారన్ నొక్కితే వీధి చివర టీకొట్టులో వాళ్ళు తలలు తిప్పి చూశారు.

స్టీరింగు చక్రాన్ని మళ్ళీ బిగించేటప్పుడు మాత్రం, గొట్టం చివరి గాడిపళ్ళలో రెండు పళ్ళు పక్కకు కూర్చోబెట్టింది. చక్రం అడుగున చిన్న ఇత్తడి కొమ్ము ఉంటుంది. బండి మలుపు తిరిగి తిన్నగా వచ్చేటప్పుడు ఆ కొమ్మే పుల్లను తట్టి వెనక్కి పంపాలి. ఇప్పుడది ఎడమ మలుపుకు తడుతోంది, కుడి మలుపుకు అందడం లేదు. చక్రం మళ్ళీ లాగితే టంకం ఊడుతుంది. ఆ టంకం మీద ఆమెకు చాలా మమకారం.

సుభాషిణి ఇంజనీరింగ్ కాలేజీలో ఆరేళ్లు పాఠాలు చెప్పింది. బోర్డు మీద ఇంజన్లు గీసింది చాలనిపించి, ప్రొద్దుటూరులో దస్తగిరి ఉస్తాద్ షెడ్డులో పనికి చేరింది. పాత కార్ల పనిలో ఆ చుట్టుపక్కల ఆయన మాటే మాట. ఆయన ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పడు. "ఈ బండి ఒక్కదానివే చెయ్. బాగా చేస్తే ఇకమీదట స్టీరింగు పనులన్నీ నీవే" అన్నాడు. అంతే.

"అయిపోయింది ఉస్తాద్. నాలుగింటికి ఇచ్చేయొచ్చు" అంది సుభాషిణి.

ఉస్తాద్ కిటికీలోంచి చెయ్యి పెట్టి పుల్లను కుడికి వేశాడు. చక్రం తిప్పి, తిన్నగా తెచ్చాడు. పుల్ల కదల్లేదు.

"ఏం పంతులమ్మా, ఇది నిద్రపోయిందా?"

"చేత్తో వెనక్కి అనుకుంటే సరిపోతుంది ఉస్తాద్. టక్ టక్ మని వినపడుతూనే ఉంటుంది కదా, మర్చిపోయేదేముంది?"

"బండి ఎవరిది?"

"సోమశేఖరంగారిది."

సోమశేఖరంగారు ముప్పై ఏళ్లు తంతి ఆఫీసులో పనిచేసిన మనిషి. "టక్ టక్ లు విని విని నా చెవులు రాజీనామా ఇచ్చాయమ్మా" అని మొదటిరోజే అరిచి చెప్పి, తనే నవ్వాడు. సుభాషిణి కూడా నవ్వింది.

ఉస్తాద్ తన చెవి మడతలోంచి అత్తరు దూది తీశాడు. దాన్ని రెండు చేసి, మందుల డబ్బాలోని దూది కూడా కలిపి ఉండలు కట్టాడు. చెవుల్లో పెట్టుకొమ్మని సైగ చేశాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, తాను పక్క సీట్లో కూర్చున్నాడు.

లోకం ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది. మల్లెల వాసన తప్ప ఏమీ లేదు. ఇంజను ఆడుతున్నదీ లేనిదీ పాదాలకు తెలుస్తోంది గానీ చెవులకు తెలియడం లేదు.

నూనె మిల్లు దగ్గర ఇండికేటరు వేసి కుడికి తిరిగింది. ఎదురుగా గేదెలు. వాటిని తప్పించి, గుంత తప్పించి, ఎడమకు జరిగింది.

ఉస్తాద్ ఆమె మోచేయి గట్టిగా పట్టుకున్నాడు. బ్రేకు తొక్కింది. కారు ఎడమ పక్కన, జానెడు దూరంలో ఒక స్కూటరు పక్కకు ఒరిగి నిలబడింది. దాని మీద గ్యాస్ సిలిండరు, దాన్ని కాళ్ల మధ్య పట్టుకున్న ఒకావిడ. ఆవిడ నోరు కదులుతోంది. చేతులు కదులుతున్నాయి. మాట ఒక్కటీ రావడం లేదు.

సుభాషిణి దూది తీసింది.

"...కుడికి లైటేసి ఎడమకొచ్చి మీద పడతావా? నేనేమన్నా దేవతనా, నీ మనసులో ఏముందో తెలుసుకునేదానికి? దిగు, దిగి చూడు ఆ లైటు!"

లైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. టక్, టక్, టక్.

"తప్పు నాదేనమ్మా" అంది సుభాషిణి.

"నీదే. ఇంకెవరిది?" అని ఆవిడ సిలిండరు సర్దుకుని వెళ్లిపోయింది.

ఉస్తాద్ రోడ్డు వైపే చూస్తూ అడిగాడు. "ఇప్పుడు వినపడిందా, పంతులమ్మా?"

నాలుగింటికి సోమశేఖరంగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సుభాషిణి కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూపించింది: "చక్రం నేను తప్పు బిగించాను. మళ్ళీ విప్పాలి. ఎల్లుండి ఇస్తాను."

ఆయన రెండుసార్లు చదివాడు. "తప్పు చేశానని రాసిచ్చే మెకానిక్కును ఇప్పుడే చూస్తున్నా!" అని వీధంతా వినపడేలా అని, నడుచుకుంటూ వెళ్లాడు.

చక్రం లాగగానే టంకం ఊడింది. ఆమె కారు ముందు చక్రాలు రెంటినీ తిన్నగా పెట్టింది, కొమ్ము ఉండాల్సిన చోట సుద్దతో గీత గీసింది, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున వచ్చేసరికి, ఉస్తాద్ ఎవరినీ ముట్టుకోనివ్వని చక్రం లాగే పుల్లర్ ఆమె బల్ల మీద ఉంది. ఆయన షెడ్డు అవతలి మూల రేడియేటరు కడుగుతున్నాడు. ఇటు చూడలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆమె సొంతంగా షెడ్డు పెట్టింది. పని ముగిసిన ప్రతి బండినీ, ఇచ్చే ముందు, చెవుల్లో దూది పెట్టుకుని, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, నూనె మిల్లు మలుపు దాకా నడిపి తెస్తుంది. ఇంతవరకు ఒక్క బండినీ అలా నడపకుండా ఇవ్వలేదు.