పడవ కప్పులో గుంట

ఫకీరు సుభానీ షా ముసలివాడైపోయాడు. తన తరవాత కృష్ణా నది లంకలోని ఆ చిన్న దర్గాలో కూర్చుని, వచ్చినవాళ్ల గోడు వినాల్సింది నువ్వేనని శిష్యుడు మీరావలికి చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి మీరావలి కంటికి కునుకు లేదు. అంతటివాడి చోట తానెలా కూర్చోగలడు?

భయపడ్డ మనిషికి తోచే ఉపాయం ఒక్కటే, ఉన్నదాన్ని ఉన్నట్టు దించెయ్యడం. గురువులాగే దగ్గాడు. గురువులాగే ఎడమకాలు ఈడ్చి నడిచాడు. ముసలాయనకు ముక్కుమీద కోపం, గోడు చెప్పుకునేవాళ్లను మధ్యలోనే కసిరేవాడు. మీరావలీ కసరడం మొదలుపెట్టాడు. మొన్న ఒక బాలింత సగం మాట నోట్లోనే ఉంచుకుని ఏడుస్తూ వెళ్లిపోయింది. కసిరిన మనిషిని గురువు పొద్దుగూకేలోగా వెతుక్కుంటూ వెళ్లి, పక్కన కూర్చుని మిగతాది వినేవాడు. పాపం, మీరావలికి ఆ సంగతి పట్టలేదు.

ఆ రోజుల్లోనే, జనాన్ని లంకకు చేరవేసే దర్గా పడవకున్న కాన్వాసు కప్పు చిరుగులు పట్టింది. జనం తడుస్తున్నారని ఫైబరు కప్పు వేయించే పని మీరావలికి అప్పగించారు. గుడ్డ మధ్యలో జారి గుంటపడిందనీ, దాన్ని బిగించి కట్టాకే కొత్త కప్పుకు అచ్చు తీస్తాననీ మేస్త్రీ అన్నాడు. మీరావలి ససేమిరా అన్నాడు. ఇన్నేళ్లూ గురువైన హజ్రత్‌కు నీడనిచ్చిన కప్పు అది, వెంట్రుకవాసి మారడానికి వీల్లేదన్నాడు. మనకెందుకులెమ్మని మేస్త్రీ ఉన్నదున్నట్టే అచ్చు తీసి పోత పోశాడు.

కప్పు తెల్లగా, నున్నగా వచ్చింది. తొలి వానకే గుంట నిండింది. పడవ ఒరిగినప్పుడల్లా నీళ్లు జనం నెత్తిన కుమ్మరించినట్టు పడ్డాయి.

పడవలోనే ఉన్న ముసలాయన అలవాటు ప్రకారం లేచి, గుంట కింద అరచెయ్యి పెట్టి ఎత్తాడు. గుడ్డయితే లేచేది, నీళ్లు ఏట్లోకి పోయేవి. ఇది కదల్లేదు. మీరావలి గబగబా వచ్చి రెండు చేతులూ ఆనించి తోశాడు. ఊహూఁ. సిగ్గుతో అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏదీ వదలకుండా దించాను హజ్రత్" అన్నాడు. "మీలా ఉండాలనే."

గురువు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తడిసిన తలను తన పైగుడ్డతో తుడిచాడు.

"గుంట నాలోనూ ఉంది నాయనా. పూటపూటా ఎత్తి పారబోసుకుంటూ వచ్చాను. నువ్వేమో దాన్నే పోత పోయించుకున్నావు."