చారలమ్మ అటు తిరిగి కూర్చున్న రోజు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు గట్టున ఒక పెద్ద ఇప్పచెట్టు. ఆ చెట్టు తొర్రలో ఒక ఉడుతల సంసారం ఉండేది. తల్లి పేరు చారలమ్మ, తండ్రి పేరు గింజలయ్య. వాళ్ళకు ముగ్గురు పిల్లలు.

పుట్టినప్పుడు ఆ పిల్లలకు మంచి పేర్లే పెట్టారు. కానీ ఆ పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. పెద్దమ్మాయి ఎప్పుడు చూసినా చెట్టు బెరడు గీరి పీచు పేనుతూ ఉంటుంది. అందుకని దాన్ని పీచు అన్నారు. నడిపివాడి చేతులకు ఎప్పుడూ తుమ్మబంక అంటుకుని ఉంటుంది. అందుకని వాడు బంక అయ్యాడు. చిన్నదానికి నాలుగు పుల్లలు దొరికితే చాలు, నిలబెడుతుంది, పడగొడుతుంది, మళ్ళీ నిలబెడుతుంది. దాని పేరు చిదుగు.

ఇలాంటి పిల్లలు ముగ్గురున్న ఇల్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకసారి మీ ఇంట్లోకి మీరే తొంగి చూసుకోండి.

చారలమ్మకేమో శుభ్రం అంటే ప్రాణం. రోజుకు మూడుసార్లు తోకతో తొర్ర ఊడ్చేది. గింజల్లో పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస పేర్చేది. వరసలోంచి ఒక్క గింజ పక్కకు జరిగినా ఆమెకు నిద్ర పట్టేది కాదు. పక్క కొమ్మ మీద ఉండే గోరువంక అప్పుడప్పుడు వచ్చి, "తొర్ర అంటే నీదే వదినా, కడిగిన ముత్యంలా ఉంటుంది" అనేది. ఆ మాట విన్న రోజు చారలమ్మకు తిండి కూడా అక్కర్లేకపోయేది.

ఒక ఎండాకాలం పొద్దున గోరువంక వచ్చి గుమ్మంలో కాలు పెట్టింది. పెట్టిన కాలు మళ్ళీ లేవలేదు. గుమ్మం నిండా తుమ్మబంక. ఆ కాలు లాక్కుందామని రెండో కాలు ఆనించింది. అదీ అంటుకుపోయింది. చారలమ్మ పరుగెత్తుకొచ్చి, నీళ్ళు పోసి పోసి, బంక నానబెట్టి ఆమెను విడిపించేసరికి మధ్యాహ్నమైంది.

పిల్లలున్న ఇల్లన్నాక మామూలే అని గోరువంక పైకి అంది. వెళ్తూ వెళ్తూ మాత్రం, "మా అక్క పిల్లలు కూర్చోబెట్టిన చోటే కూర్చుంటారు వదినా" అంది.

ఆ మాట చారలమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఇకమీదట ఈ తొర్రలో వంకరది, అతుకులది ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదని ఆ పూటే గట్టిగా అనుకుంది. పిల్లలు ఏం చేసినా వెంటనే తను సరిచేసేయాలి.

ఆ సాయంత్రమే పీచు ఒక చాప అల్లి తెచ్చింది. అమ్మ పడుకోవడానికని మూడు రోజులు కూర్చుని అల్లింది. చాప ఒక కొస జానెడు, ఇంకో కొస బెత్తెడు. చారలమ్మ బాగుందనే అంది. అంటూనే ముడులు విప్పడం మొదలుపెట్టింది. మొత్తం విప్పి, మళ్ళీ తిన్నగా అల్లింది. పీచు పక్కనే నిలబడి చూసింది. కాసేపటికి వెళ్ళి మూల కూర్చుంది.

మర్నాడు బంక గోడ మీద గురివింద గింజలు అంటించి, అది నెమలి అని చెప్పాడు. చారలమ్మకు అది ఎటునుంచి చూసినా ఎలుగుబంటిలాగే కనిపించింది. నెమలి మెడ అంత లావుండదు నాన్నా అని, గింజలన్నీ ఒలిచి, ఒకదాని పక్కన ఒకటి కొలిచినట్టు అంటించింది. గోడ చాలా శుభ్రంగా తయారైంది. నెమలి మాత్రం ఎగిరిపోయింది.

మూడోరోజు చిదుగు గింజలు దాచడానికి పుల్లలతో అటక కట్టింది. గింజలు ఒకవైపుకు జారిపోతున్నాయి. ఎందుకు జారుతున్నాయా అని అది తల ఒకపక్కకు వంచి చూసుకుంటోంది. ఒక పుల్ల తీసి వేరేచోట పెడదామని చెయ్యి చాపింది కూడా. అంతలో చారలమ్మ వచ్చి, "నువ్వు లే తల్లీ, నేను చూస్తాను" అని, మొత్తం పీకి కొత్తగా కట్టింది. మంచి అటకే. చారలమ్మ కట్టింది వంకరగా ఎందుకుంటుంది?

ఆ రోజు గింజలయ్య అటకను చూశాడు, పిల్లను చూశాడు. అటక బాగుంది గానీ పిల్ల మొహమే బాగాలేదని మెల్లగా అన్నాడు. చారలమ్మ వినిపించుకోలేదు. గింజలయ్య రెండోసారి అనలేదు. అప్పటికి ఆయన నోట్లో గింజ ఉంది.

తర్వాత నాలుగు రోజులు తొర్ర కళకళలాడిపోయింది. గోరువంక వచ్చి మెచ్చుకుని వెళ్ళింది. చారలమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చి మురిసిపోయింది.

వారం తిరిగేసరికి ఆమెకు ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటా అని చెవులు రిక్కించింది. ఇంట్లో చప్పుడు లేదు. పిల్లలు ముగ్గురూ గోడవారగా కూర్చుని ఉన్నారు. పెద్దది, నడిపివాడు, చిన్నది, వరసగా.

ఏం చేస్తున్నారర్రా అని అడిగింది. ఏమీ లేదన్నారు.

పీచును కాస్త తాడు పేనిపెట్టమంది. ఎంత పొడుగు, ఎంత లావు, ఈ బెరడా, ఆ బెరడా అని పీచు పదిసార్లు అడిగింది. పదిసార్లు చెప్పేకంటే తనే పేనుకోవడం నయమని చారలమ్మే పేనుకుంది. బంకను గోడ పగులులో కాస్త తుమ్మబంక పెట్టమంది. వాడు లేవలేదు.

"నువ్వే పెట్టేయమ్మా. నేను పెడితే నువ్వు మళ్ళీ గీకాలి కదా. నీకు రెండు పనులు" అన్నాడు.

వాడు కోపంతో అనలేదు. అమ్మ మీద జాలితోనే అన్నాడు. పిల్లలకు బుద్ధి వచ్చిందిలే అని చారలమ్మ మనసుకు సర్దిచెప్పుకుంది.

ఇలా ఉండగా తొలకరి రోజులు వచ్చాయి. ఒకరోజు పొద్దున్నే గింజలయ్య వాగు అవతల నేరేడు పళ్ళు రాలాయని విని, తెస్తానని వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఈదురుగాలి లేచింది. పైనున్న ఎండుకొమ్మ ఒకటి ఫెళ్ళున విరిగి, తొర్ర నెత్తిమీద పడి, అక్కడి పుచ్చుచెక్కను కూల్చుకుంటూ కిందికి పోయింది. చారలమ్మ పిల్లలను ఒక మూలకు తోసింది గానీ తను తప్పుకోలేకపోయింది. పదునైన చెక్క పేడు ఒకటి ఆమె కుడిచేతిలో దిగబడింది. పీచు పళ్ళతో పట్టుకుని లాగితే పేడు వచ్చేసింది. చెయ్యి మాత్రం బూరెలా ఉబ్బింది.

తల ఎత్తి చూస్తే పైకప్పు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. ఆ ఆకాశం కాటుకలా ఉంది.

కొండల్లో అప్పటికే వాన పడుతున్నట్టుంది. వాగు ఎర్రగా పొంగి పారుతోంది. గింజలయ్య ఇక ఇవాళ దాటి రాలేడు. గోరువంక తన గూట్లోకి ఎప్పుడో దూరిపోయింది. తొర్రలో నాలుగు నెలల తిండి ఉంది. తడిస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. వానాకాలమంతా ఐదుగురూ పస్తులుండాలి.

చారలమ్మ ఒంటిచేత్తో ఒక టేకాకు పట్టుకుని పైకి పాకింది. ఆకు జారింది. ఆకు వెనకే ఆమె కూడా జారింది. రెండోసారి ఎక్కింది, రెండోసారీ పడింది. మూడోసారి లేవబోతే కుడిచెయ్యి నేలకు ఆనలేదు.

చేసేది లేక పిల్లలను పిలిచింది. ముగ్గురూ వచ్చి నిలబడి, కన్నం వైపు కాకుండా, అమ్మ మొహం వైపు చూశారు. చారలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఆకు తీసుకో, అది కాదు, దాని పక్కది. అలా కాదు, తిప్పు. అంత తిప్పమన్నానా? ఒక్క ఆకు పెట్టేలోపు పది మాటలు. ఆ పదీ అయ్యాక పెట్టిన ఆకును గాలి ఎగరేసుకుపోయింది. మొదటి చినుకు వచ్చి నేరుగా గింజల మీద పడింది.

అప్పుడు చిదుగు అమ్మ దగ్గరకు వచ్చింది.

"అమ్మా, నువ్వు కాసేపు అటు తిరిగి కూర్చుంటావా? నువ్వు చూస్తుంటే నా చేతులకు ఏమీ తోచట్లేదు."

చారలమ్మకు కోపం వచ్చింది. ఏదో అనబోయి పిల్ల చేతుల వైపు చూసింది. గింజంత చేతులు. అవి వణుకుతున్నాయి. చలికేమో అనుకుంది. కానీ ఇంకా చలి లేదు. పిడుగుకేమో అనుకుంది. పిడుగు ఇంకా పడలేదు. ఆ చేతులు తనను చూసే వణుకుతున్నాయని అప్పుడు ఆమెకు తెలిసింది.

"అటు తిరిగితే కట్టగలరా?" అని అడిగింది.

"తెలీదమ్మా. కట్టి చూస్తాం" అంది చిదుగు.

చారలమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

పేడు దిగినప్పుడు కూడా ఆమెకు అంత కష్టం అనిపించలేదు. వెనక పుల్లలు గలగలమంటున్నాయి. ముగ్గురూ కీచులాడుకుంటున్నారు. ఇది ఇక్కడ, కాదు అక్కడ. ఏదో దభీమని పడింది. చారలమ్మ తల దానంతటదే వెనక్కి తిరగబోయింది. "అటు!" అని మూడు గొంతులూ ఒక్కసారి అరిచాయి. ఆమె గబుక్కున మళ్ళీ గోడవైపు తిరిగింది. నోరు జారకుండా తోక కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. అమ్మలు నోరు మూసుకుని ఉండటానికి ఎంత కష్టపడతారో ఆ తోకకే తెలియాలి.

చిదుగు అడ్డంగా పుల్లలు వేసింది. పడిపోయాయి. ఏటవాలుగా వేసింది. జారిపోయాయి. మూడోసారి ఒకదానిలో ఒకటి ఇరికించి వేసింది. నిలిచాయి. పీచు వాటిని తాడుతో బిగించింది. ఈసారి ఎంత పొడుగని ఎవరినీ అడగలేదు. తుమ్మబంక నీళ్ళకు కరిగిపోతుందని బంకకు బాగా తెలుసు. అందుకని వాడు నీళ్ళకు కరగని మెత్తటి గుగ్గిలం ముద్ద ఒకటి బయటికి తీశాడు. అమ్మ చూస్తే పారేస్తుందని అటక కింద దాచుకున్నాడు దాన్ని. ఆకు మీద ఆకు వేసి గుగ్గిలంతో అతికించాడు. తన తోకను కూడా అతికించుకున్నాడు గానీ పీచు లాగేసింది.

వాన విరుచుకుపడింది. కుండలతో కుమ్మరించినట్టు పడింది. చారలమ్మ కళ్ళు మూసుకుంది. వీపు మీద నీళ్ళు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూసింది. పడలేదు. ఎక్కడో ఒకచోట టప్, టప్ అని మాత్రం వినిపించింది.

ఇక తిరగొచ్చని చిదుగు చెప్పింది.

చారలమ్మ తిరిగి చూసింది. కాకి గూడు కట్టబోయి మధ్యలో మనసు మార్చుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ కప్పు. ఒకపక్క ఎత్తు, ఒకపక్క పల్లం. రెండుచోట్ల కారుతోంది. కారే చోట కింద ఎవరో కాయ డొప్పలు పెట్టారు. గింజల్లో ఒక గుప్పెడు తడిశాయి. మిగిలినవన్నీ పొడిగా ఉన్నాయి. ముగ్గురు పిల్లలూ తడిసి ముద్దయి, అమ్మ ఏమంటుందా అని చూస్తున్నారు.

ఆ పక్క కాస్త ఎత్తితే అన్న మాట చారలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"తిండి తడవలేదర్రా" అంది. ముగ్గురినీ ఎడమచేత్తో దగ్గరకు తీసుకుని, తోకతో తల తుడిచింది. ఏది ఎవరు పెట్టారో చెప్పమంది. ఇక చూడండి, ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టారు. వాన వెలిసింది గానీ వాళ్ళ మాటలు ఆగలేదు.

మర్నాడు వాగు తగ్గాక గింజలయ్య నాలుగు నేరేడు పళ్ళతో వచ్చాడు. తల ఎత్తి కప్పును చాలాసేపు చూశాడు. ఎవరు కట్టారని అడిగాడు.

"నేను కాదు" అంది చారలమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆమె మెడ నిటారుగా ఉంది.

గోరువంక కూడా వచ్చింది. గూడు తడిసి, రెక్కలు ఒంటికి అంటుకుపోయి, సగం పిట్టలా ఉంది. అయినా కప్పు వంకర ఆమె కంట పడనే పడింది. ఇదేమిటొదినా ఇలా ఉంది అని అడిగింది.

"మా పిల్లలు కట్టారు వదినా. నువ్వు తడిసిపోయావు, ముందు దాని కిందికి రా" అంది చారలమ్మ. గోరువంక గబగబా వచ్చి కూర్చుంది.

అంతటితో చారలమ్మ మారిపోయిందని చెబితే మీరు నమ్మరు, నేనూ చెప్పను. చెయ్యి నయమయ్యాక, ఎవరూ చూడకుండా ఆ కప్పు అంచు సర్దబోయి నాలుగుసార్లు వెనక్కి తగ్గింది. ఐదోసారి ఆ చేతి మీద తనే కూర్చుంది.

ఒకరోజు ఆ కప్పుకేసి చూస్తుంటే పీచు వేసిన ముడి ఆమె కంట పడింది. అంత గాలికీ సడలని ముడి. అలాంటిది తనకు కూడా రాదు. పీచును పిలిచి, అదెలా వేశావో నేర్పమంది. పీచు ఒక తాడు ఇచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పింది. చారలమ్మ వేసింది. ఊడిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఊడింది. మూడోసారి తాడు ఆమె వేళ్ళకే చుట్టుకుపోయింది.

"అలా కాదమ్మా" అంది పీచు. మళ్ళీ మొదటినుంచి చెప్పింది. తాడు మాత్రం అమ్మ చేతిలోంచి లాక్కోలేదు.

నీతి: పిల్లల చేతిపని వంకరగా ఉన్నా దాన్ని వాళ్ళ చేతుల్లోనే ఉండనివ్వాలి. తప్పులు చేస్తూ నేర్చుకున్న చెయ్యే ఆపదలో అక్కరకు వస్తుంది.