రెండో తాడు ఎవరు పట్టుకోవాలి?

అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు ఉండేది చిట్టీ. దాని పేరు గవ్వలపేట. ముందు ఆ కాళ్ళు చాపుకుని సరిగ్గా పడుకో, అప్పుడే చెప్తాను. ఆఁ, అలాగ.

ఆ ఊళ్ళో అందరూ చేపలు పట్టుకునేవాళ్ళే. పై వీధి వాళ్ళది ఒక జట్టు, కింది వీధి వాళ్ళది ఇంకో జట్టు. మామూలు రోజుల్లో బాగానే ఉండేవాళ్ళు. ఊరిపెద్దని ఎన్నుకునే ఏడు వచ్చిందంటే మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు కాదు.

ఆ ఏడు పై వీధి నుంచి ఎల్లాజీ అనే కుర్రాడు నిలబడ్డాడు. కింది వీధి నుంచి కొర్లమ్మ నిలబడింది. కొర్లమ్మ అంటే ఏమనుకున్నావ్? తల మీద చేపల గంప పెట్టుకుని ఊళ్ళన్నీ చుట్టొచ్చే మనిషి. ఆవిడ ఒక్క కేక వేసిందంటే పడవలో పడుకున్నవాడు ఉలిక్కిపడి లేచి కూర్చోవాల్సిందే. అందరూ ఓట్లు వేశారు. ఎల్లాజీ గెలిచాడు, కొర్లమ్మ ఓడిపోయింది.

అప్పుడేమో వేట ఆపేసిన కాలం. చేపలు గుడ్లు పెట్టే రోజులు కదా, ఎవరూ సముద్రం మీదికి వెళ్ళకూడదు. ఇళ్ళల్లో బియ్యం అడుగంటాయి. పిల్లలకి పొద్దున్నా గంజే, సాయంత్రమూ గంజే. నీలాగ "నాకు ఈ కూర వద్దు" అని మూతి తిప్పుకోవడానికి అసలు కూరంటూ ఉంటే కదా! వేట మళ్ళీ మొదలైన రోజు మొదటి వల లాగితేనే ఆ ఊళ్ళో పొయ్యి మీదికి కూర చట్టి ఎక్కేది. "ఆ రోజు ప్రతి పిల్లకీ, పిల్లాడికీ కడుపునిండా తిండి పెట్టిస్తాను, నాదే పూచీ" అని ఎల్లాజీ ఓట్లప్పుడు ఊరందరికీ మాటిచ్చాడు.

గెలిచాక ఊరేగింపు తీశారు. ఎల్లాజీకి తాతారావని ఒక బావ ఉన్నాడులే, నోరు తప్ప ఇంకేమీ లేనివాడు. వాడు ఊరేగింపుని సరిగ్గా కొర్లమ్మ గుమ్మం ముందు ఆపించి టపాకాయలు కాల్పించాడు. "అత్తా, ఇంక గంప మోసుకో పో!" అని అరిచాడు. కొర్లమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఎల్లాజీ పూలదండల్లోంచి మొహం బయటికి పెట్టి నవ్వాడు. నాకు చూడు, ఆ నవ్వు తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత గంగమ్మ పండగ వచ్చింది. పందిరి వేసి సభ పెట్టారు. గెలిచినవాళ్ళకీ ఓడినవాళ్ళకీ పక్కపక్కనే కుర్చీలు వెయ్యడం ఆ ఊరి అలవాటు. ఈసారి తాతారావు కొర్లమ్మ కుర్చీ తీయించేశాడు. కొర్లమ్మ వచ్చింది, అటూ ఇటూ చూసింది, వెళ్ళి ఆడవాళ్ళ మధ్య ఇసకలో కూర్చుంది. ఎల్లాజీ చూశాడు. లేచి పిలుద్దామనే అనుకున్నాడు పాపం. కానీ తనవాళ్ళు ఏమనుకుంటారోనని భయపడి ఊరుకున్నాడు.

అప్పుడు వేట మొదలయ్యే రోజు రానే వచ్చింది.

పెద్ద వల ఎలా లాగుతారో తెలుసా నీకు? వలకి రెండు తాళ్ళుంటాయి. ఒక తాడు కొస ఒడ్డున వదిలి, పడవ మీద వల వేసుకుంటూ చుట్టు తిరిగొచ్చి, రెండో తాడు కొస తెచ్చి దూరంగా ఒడ్డుకి ఇస్తారు. అప్పుడు రెండు పక్కలా జనం నిలబడి ఒక్కసారిగా లాగాలి. ఒక పక్క లాగి ఇంకో పక్క లాగకపోతే చేపలు చక్కగా పక్కనుంచి జారిపోతాయి. అందుకే మొదటి వల రోజున ఒక తాడు ఊరిపెద్ద పట్టుకుంటాడు, రెండో తాడు ఓడినవాళ్ళు పట్టుకుంటారు. వాళ్ళ తాతల కాలం నుంచీ అంతే.

పిల్లలంతా గిన్నెలు పట్టుకుని ఒడ్డుకి వచ్చేశారు. ఎల్లాజీ తలగుడ్డ చుట్టుకుని మొదటి తాడు పట్టుకున్నాడు. కొర్లమ్మ కొంగు నడుముకి దోపుకుని వచ్చి రెండో తాడు పట్టుకుంది. తాతారావు చేతిలో మైకుంది. కోతి చేతికి కొబ్బరికాయ అన్నట్టే!

"ఓడినోళ్ళకి తాడెందుకు?" అన్నాడు మైకులో. పై వీధి వాళ్ళంతా ఈలలు వేశారు. హూ అని వెక్కిరించారు.

కొర్లమ్మ ఎల్లాజీ వైపు చూసింది. "ఏరా ఎల్లాజీ, ఇది నీ మాటేనా?" అని అడిగింది.

ఎల్లాజీ ఇసకకేసి చూస్తూ నిలబడ్డాడు.

కొర్లమ్మ తాడు విసిరికొట్టలేదు. మెల్లగా కింద పెట్టి, వెనక్కి తిరిగి నడిచింది. ఆవిడ వెనకే కింది వీధి మొత్తం వెళ్ళి దూరంగా పడవల దగ్గర నిలబడింది.

"పోతే పోనీ, మనమే లాగేద్దాం!" అన్నాడు తాతారావు. సగం మంది అటు, సగం మంది ఇటు పట్టుకున్నారు. లాగారు, లాగారు, అరచేతులు బొబ్బలెక్కేలా లాగారు. వల కదిలితే ఒట్టు! వల మధ్య చేపలు తెల్లగా ఎగిరి పడుతున్నాయి, ఎగిరినవి ఎగిరినట్టే పక్కకి జారిపోతున్నాయి. ఒక పై వీధి పసిపిల్ల గిన్నె పట్టుకుని, "అమ్మా, చేపలెళ్ళిపోతున్నాయే" అని ఏడుపందుకుంది.

ఆ ఏడుపు ఎల్లాజీ చెవిన పడింది. సిగ్గుతో వాడి మొహం కందిపోయింది. ఆ సిగ్గు వెనకే కోపం వచ్చింది. ఎవరి మీదనుకున్నావ్? తన మీదే.

తాడు పక్కవాడికిచ్చి, చరచరా వెళ్ళి తాతారావు చేతిలో మైకు లాక్కున్నాడు. "బావా, చాలు. ఇంకెవరైనా ఆవిణ్ణి హూ అన్నారంటే నన్ను అన్నట్టే. వినబడిందా అందరికీ?" అన్నాడు. ఆ తర్వాత మైకు పక్కన పెట్టేసి కింది వీధి జనం దగ్గరికి ఒక్కడే నడిచాడు. పై వీధి వాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

కొర్లమ్మ ముందు నిలబడి అన్నాడు, "పెద్దమ్మా, ఊరేగింపు రోజు నవ్వాను. పండగ రోజు కుర్చీ తీసేస్తే చూస్తూ కూర్చున్నాను. ఇందాక నువ్వడిగితే నోరు విప్పలేదు. మూడూ నా తప్పులే. రెండో తాడు నీది. నువ్వు పట్టుకోకపోతే నాకీ పెద్దరికం వద్దు."

అప్పుడు ఏమైందో తెలుసా? ఈసారి కింది వీధి వాళ్ళు మొదలుపెట్టారు! "దిగొచ్చాడ్రోయ్! పెద్దగారు కాళ్ళబేరానికొచ్చాడ్రోయ్!" అని ఒకటే ఈలలు, ఒకటే హూలు. ఎల్లాజీ తల దించుకోలేదు, వెనక్కి వెళ్ళలేదు. అలాగే నిలబడ్డాడు.

కొర్లమ్మ గిర్రున తన వాళ్ళ వైపు తిరిగింది. కేకేసింది చూడూ, సముద్రం మీద పక్షులు కూడా లేచిపోయాయి.

"నోర్ముయ్యండి! ఈడు మన ఊరిపెద్ద. నేను ఈడికి ఓటెయ్యలేదు. వచ్చేసారి కూడా వెయ్యను. అయినా మన పెద్దే!"

అంతే, ఈలలు వేస్తున్నవాళ్ళు నోట్లోంచి వేళ్ళు తీసేశారు.

అప్పుడు ఎల్లాజీకేసి తిరిగి, "రేపు పంచాయతీలో మా వీధికి మంచినీళ్ళు రాని సంగతి అడుగుతాను. సమాధానం చెప్పకపోయావో, నీ తాట తీస్తాను" అంది.

"తియ్యి పెద్దమ్మా, వద్దన్నానా? ఇప్పుడు మాత్రం రా" అన్నాడు ఎల్లాజీ.

కొర్లమ్మ ఫక్కున నవ్వింది. మళ్ళీ కొంగు బిగించింది. ఎల్లాజీ ఈ తాడు, కొర్లమ్మ ఆ తాడు. పై వీధి "హైలెస్సా" అంటే కింది వీధి "హైలో హైలెస్సా" అంది. వల కదిలింది. పోయిన చేపలు పోగా మిగిలినవే కుప్పలు కుప్పలుగా ఒడ్డుకొచ్చాయి. తాతారావు కూడా లాగాడులే, లాగకేం చేస్తాడు! కొర్లమ్మ మొదటి దోసెడు చేపలు తీసి, ఏడుస్తున్న ఆ పై వీధి పసిపిల్ల గిన్నెలోనే వేసింది.

ఏంటీ? తర్వాత ఎన్నికల్లో ఎవరు గెలిచారా? ఎవరు గెలిస్తే నీకెందుకే! ఆ రాత్రి రెండు వీధుల్లోనూ చేపల పులుసు ఉడికింది, పిల్లలంతా వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. ఇంక కళ్ళు మూసుకో.

కథేమో పడవెక్కి కంచికి పోయె,
వలేమో ఒడ్డెక్కి ఇంటికి వచ్చె,
గెలిచినోళ్ళకో చేప, ఓడినోళ్ళకో చేప,
మా చిట్టి కళ్ళకేమో నిద్దర చేప!