పదకొండు వాటాల కుప్ప

వేరుశనగ చేలో పంట ఎత్తుకుని రైతులు బళ్ళు తోలుకుపోయారంటే, మర్నాటి నుంచీ ఆ చేను జంతువులదే. మట్టిలో మిగిలిపోయిన కాయల్ని గోళ్ళతోనో, ముక్కుతోనో, కొమ్ముతోనో, ఎవరికి ఏది ఉంటే దాంతో తవ్వి తీస్తారు. అలా ఏరిన పరిగెనంతా వాగు ఒడ్డున ఒకే కుప్ప పోస్తారు. కుప్పని అన్ని కుటుంబాలూ సమానంగా పంచుకోవాలి. అక్కడిదాకా బాగానే ఉంది. తిరకాసంతా పంపకంలోనే.

ఎప్పుడో ఒక ఏడు అందరికీ పంచగా ఒక్క కాయ మిగిలిందట. ఆ ఒక్కదాని కోసం కుందేలూ పందికొక్కూ కలబడి చెరో పన్నూ ఊడగొట్టుకున్నాయట. ఈలోగా కాయని కాకి ఎత్తుకుపోయిందనుకోండి, అది వేరే సంగతి. అప్పుడే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఏమీ మిగలకుండా సమంగా వాటాలైతేనే కుప్ప తెగినట్టు. కుప్పని ఎంచే చీమలు లెక్క పిలిచాక అందులోంచి ఒక్క కాయ తీసినా దొంగతనమే. తెగని కుప్పని ఎవరూ ముట్టుకోకూడదు, తీర్పరి గుహలో దాచాలి. కుప్ప తెగని ఏడు కొత్తగా వచ్చి చేరినవాళ్ళెవరైనా ఉంటే, లెక్క చెడింది వాళ్ళ వల్లే కాబట్టి, వాళ్ళు వాగు దాటి వెళ్ళిపోవాలి.

తీర్పరి ఎవరో చెప్పాలా? నక్క జంబయ్య!

ఇన్నేళ్ళూ ఉన్నవి తొమ్మిది కుటుంబాలు. జంబయ్య తీర్పు బండ మీద కూర్చుని, లెక్కలోని అంకెలన్నీ కూడి, తొమ్మిదికి తెగిందో లేదో చెప్పేసేవాడు. తక్కువైతే చేలోకి పరిగెత్తి మరో నాలుగు కాయలు ఏరుకొచ్చేవాళ్ళు. ఈ ఏడు చేను అప్పుడే దున్నేశారు, ఇక ఏరడానికి కాయల్లేవు. పైగా ఇంకో రెండు కుటుంబాలు వచ్చి చేరాయి. చెరువు ఎండిపోయి వచ్చిన బాతు ముత్తేలు కుటుంబం ఒకటి, ముళ్ళపందుల కుటుంబం ఒకటి. మొత్తం పదకొండు.

ఇక మన ఉడుత గిలక టీచర్. ఆవిడ ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. రేగు పొద కింద లెక్కలు చెబుతూ చెబుతూనే పొదెక్కేది, దిగేది, ఇసుకలో రాసిన అంకెని తనే తొక్కేసేది. ఆ రోజైతే మరీను. పడమటి మబ్బు నల్లబడుతోంది. కుప్పేమో ఆరుబయట ఉంది. తడిస్తే కాయలు మొలకెత్తి, బూజుపట్టి, వేసవికి ఎవరికీ మిగలవు. చీమలు ఇంకా లెక్క పెడుతూనే ఉన్నాయి.

"టీచర్, కాసేపు నిలబడరా? మీకేసి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి," అంది మేకపిల్ల.

"తిరిగితే మూసుకో. చెవులు తెరిచి ఉంటే చాలు. చెప్పండి, మూడుకి తెగిందో లేదో ఎలా చూస్తాం?"

"అంకెలు కూడి!"

"తొమ్మిదికి?"

"అంకెలు కూడి!"

"పదకొండుకి?"

"అంకెలు కూడి!" అందరికంటే గట్టిగా అరిచింది ముత్తేలు కూతురు, బాతుపిల్ల బుడుంగు.

గిలక కొమ్మ మీదే ఆగిపోయింది. పిల్లలు హడలిపోయారు. టీచర్ ఆగడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"ఎవరు చెప్పారే నీకు?"

"జంబయ్య మామ. పొద్దున వాగు దగ్గర మా అమ్మతో అన్నాడు. అంకెలు కూడితే పదకొండో ఇరవై రెండో రావాలట. అలా రావడం చాలా కష్టమట. పాపం, మూట కట్టుకుని ఉంచుకో అమ్మా అన్నాడు. అమ్మ గూట్లో గడ్డి కూడా పీకేస్తోంది టీచర్."

 గిలక ఒక్క దూకు దూకి, ఇసుకలో తోకతో 11 రాసింది.

"ఇది పదకొండుకి తెగుతుందా?"

"అదేం ప్రశ్న టీచర్! పదకొండే తెగకపోతే ఇంకేం తెగుతుంది?"

"మీ మామ చెప్పినట్టు కూడు."

"ఒకటీ ఒకటీ... రెండు." బుడుంగు ముక్కు తెరిచి అలాగే ఉండిపోయింది. "అయ్యో! రెండు తెగదే!"

"అదీ సంగతి. తొమ్మిదికి కుట్టిన చొక్కా తెచ్చి పదకొండుకి తొడుగుతున్నాడు. అసలు తొమ్మిదికి కూడితే ఎందుకు సరిపోతుందో ఎవరైనా అడిగారా?"

 ఎలుకపిల్ల తోక గీరుకుంది.

"పది కాయలు తొమ్మిది మందికి పంచితే ఒకటి మిగులుతుంది. వంద పంచితే తొంభై తొమ్మిది పోయి ఒకటి మిగులుతుంది. వెయ్యికీ ఒకటే. పదుల కట్టైనా వందల కట్టైనా, ప్రతి కట్టా ఒక్కో కాయ మిగులుస్తుంది. ఎన్ని కట్టలుంటే అన్ని మిగుళ్ళు. అందుకే అంకెలు కూడితే చాలు. మరి పది కాయలకి పదకొండు మంది వస్తే?"

"ఒకటి తక్కువ!"

"వంద కాయలకి?"

"తలా తొమ్మిది... తొంభై తొమ్మిది... ఒకటి ఎక్కువ!"

"వెయ్యికి?"

ఇది కాస్త ముదురు లెక్క. ఎలుకపిల్ల గోళ్ళు కొరుక్కుంటూ చాలాసేపు గొణిగింది. "తలా తొంభై ఒకటి ఇవ్వాలంటే వెయ్యిన్నొకటి కావాలి. ఒకటి తక్కువ!"

"పదివేలకి?"

"ఎక్కువ!" లెక్కెయ్యకుండానే అరిచారందరూ. సరిగ్గానే అరిచారు.

"చూశారా, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ." గిలక ఒక కాలు ఇటు, ఒక కాలు అటు గెంతుతోంది. "చివరి అంకెతో మొదలుపెట్టి, ఒకటి ఇటు వెయ్యి, పక్కది అటు వెయ్యి. ఇటువి కూడు, అటువి కూడు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్. సున్నా వచ్చినా, పదకొండు వచ్చినా, ఇరవై రెండు వచ్చినా తెగినట్టే!"

పిల్లలంతా ఇటూ అటూ గెంతడం మొదలెట్టారు. మేకపిల్లకి నిజంగానే కళ్ళు తిరిగాయి.

అంతలో వాగు వైపు నుంచి చీమల కేక వినబడింది. "లెక్క అయ్యిందహో! డెబ్బై రెండు వేల ఎనిమిది వందల తొమ్మిది!"

అందరూ కుప్ప దగ్గరికి చేరేసరికి జంబయ్య బండ మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. పక్కనే తీర్పు కూలిగా ముందే తీసి పెట్టుకున్న కాయల బుట్ట. ఇసుకలో 72,809 రాసి, పెద్దగా నిట్టూర్చాడు.

"ఏడూ రెండూ తొమ్మిది. ఎనిమిదితో పదిహేడు. సున్నా సున్నాయే. తొమ్మిదితో ఇరవై ఆరు. ఇరవై ఆరు పదకొండుకి తెగుతుందా? తెగదు. ఏం చెయ్యను, నా గుండె తరుక్కుపోతోంది. ముత్తేలమ్మా, పిల్లల్ని జాగ్రత్తగా తీసుకెళ్ళు. వాగు పొంగితే పిల్లలు కొట్టుకుపోతారు."

ముత్తేలు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. ముళ్ళపంది మాత్రం గరగరా అంది.

"ఆగండాగండి!" గిలక బండెక్కేసింది. "జంబయ్య మామా, నీ సూత్రం ప్రకారం పదకొండే పదకొండుకి తెగదు. ఒకటీ ఒకటీ రెండు!"

జనం గుసగుసలాడారు. జంబయ్య మీసం కూడా కదపలేదు. "ఓసి పిచ్చిదానా, రెండంకెలూ ఒకటే అయితే సూత్రం పెట్టకూడదు. ఆమాత్రం తెలీకుండా పిల్లలకేం చెబుతున్నావే? ముందు ఒకచోట కూర్చోవడం నేర్చుకో."

అందరూ నవ్వేశారు. గిలక తోక ఎర్రబడలేదు గానీ, ఎర్రబడే తోకైతే ఎర్రబడేదే.

"పంచి చూస్తే పోలా?" అన్నాడు ఎద్దు దొడ్డయ్య. ఆయన ఒక మాట అనడానికి మూడుసార్లు నెమరేస్తాడు.

"పంచుతూ పంచుతూ తెగదని తేలితే? సగం కాయలు చేతుల్లో పట్టుకుని కొట్టుకుంటారు. ఈలోగా వానొస్తుంది. పైకి చూడు బావా!"

దొడ్డయ్య పైకి చూశాడు. ముక్కు మీద ఒక చినుకు పడింది. మళ్ళీ నెమరెయ్యడం మొదలెట్టాడు. జంబయ్య మేనల్లుళ్ళు అప్పుడే గోనెలు దులుపుతున్నారు.

గిలక బండ చుట్టూ గిరగిరా తిరిగింది. ఈ నక్కకి ఎన్ని ఉదాహరణలు చెప్పినా అన్ని సాకులు చెబుతాడు. చెప్పడం దండగ. వాడి చేతే చెప్పించాలి. చటుక్కున వంగి బుడుంగు చెవిలో ఏదో ఊదింది. పిల్లలు పొద వైపు పరిగెత్తారు.

"పోనీలే మామా, నాదే తప్పు," అంది గిలక తలొంచుకుని. "వెళ్ళేవాళ్ళని ఒట్టి చేతుల్తో పంపలేం కదా. మా బడి పిల్లలు రేగుపళ్ళు తెస్తున్నారు. పదకొండు ఇళ్ళవాళ్ళమూ ఆఖరిసారి కలిసి తిందాం. కాకపోతే అవి సమంగా వస్తాయో రావో అని నా భయం. ఇరవై తొమ్మిదే ఉన్నాయి."

"ఇరవై తొమ్మిదా?" జంబయ్య కళ్ళు మెరిశాయి. రెండూ తొమ్మిదీ పదకొండు! తన సూత్రం ఇంత ముచ్చటగా కుదరడం ఆయనకే ముద్దొచ్చింది. "భయమెందుకే? చక్కగా తెగుతాయి!"

"మా పిల్లలేమో తెగవంటున్నారు."

"మీ పిల్లలకి తెలిసిందీ, నాకు తెలీందీనా? అందరూ వినండి! ఇవి పదకొండిళ్ళకీ సమంగా రాకపోతే ఈ బండ దిగిపోతాను. నా బుట్ట కూడా ఇచ్చేస్తాను!"

"విన్నావా దొడ్డయ్య బావా?"

"విన్నాను," అన్నాడు దొడ్డయ్య, ఈసారి నెమరెయ్యకుండానే.

బుడుంగు ఆకు నిండా పళ్ళు పట్టుకుని బయల్దేరింది. ఇంటికొకటి. మళ్ళీ ఇంటికొకటి. మూడో చుట్టులో ఏడో ఇంటి దగ్గర ఆకు ఖాళీ అయిపోయింది. మిగతా నాలుగిళ్ళూ చేతులు చాపుకుని నిలబడ్డాయి. వాటిలో ముళ్ళపందిది ఒకటి. దాని ముళ్ళు ఒక్కొక్కటే లేవసాగాయి.

"నాలుగు పళ్ళు ఈ బాతుపిల్ల మింగేసింది!" అని గుడ్లురిమాడు జంబయ్య.

"మేం ఎంచాం. ఇరవై తొమ్మిదే," అన్నాయి చీమలు. చీమలతో పెట్టుకుని నెగ్గినవాళ్ళు ఆ చేలో ఎవరూ లేరు.

"అంటే... పళ్ళకి ఈ సూత్రం పనికిరాదు. ఇది కాయలకే."

దొడ్డయ్య ముందుకొచ్చాడు. "పళ్ళకో పదకొండు, కాయలకో పదకొండు ఉంటాయా జంబయ్యా? దిగు."

జంబయ్య దిగలేదు, కొమ్ము తగిలి జారాడు. రెండో చినుకు పడింది, మూడోదీ పడింది. "బుడుంగూ, ఎక్కవే!" అని అరిచింది గిలక. "కుప్ప లెక్క చెప్పు!"

బుడుంగు బండెక్కింది.  వాళ్ళమ్మ మూట నేల మీదే ఉంది. బుడుంగు ఒకసారి ఆ మూట వైపు చూసి గెంతడం మొదలెట్టింది. "తొమ్మిది ఇటు. సున్నా అటు. ఎనిమిది ఇటు. రెండు అటు. ఏడు ఇటు. ఇటువి తొమ్మిదీ ఎనిమిదీ ఏడూ ఇరవై నాలుగు. అటువి రెండే. తీసేస్తే..." ఊపిరి పీల్చుకుంది. "ఇరవై రెండు. తెగింది! కుప్ప తెగింది!"

"బాతు మాట మీద..." అని ఎవరో మొదలెట్టబోయారు.

"కాయల మాట మీదే!" అంది గిలక. "చీమలూ, పదకొండు బారులు! తలా ఒకటి, మళ్ళీ తలా ఒకటి, ఆగొద్దు!"

నిజం చెప్పాలంటే గిలకకీ భయంగానే ఉంది. లెక్క తప్పదని తెలుసు. తెలిసినా, ముత్తేలు మొహం చూస్తే కాలు నిలవడం లేదు. బారులు పాకుతున్నాయి, కుప్ప తరుగుతోంది, మబ్బు ఉరుముతోంది. మేక, ఎలుక, కుందేలు ఎవరి వాటా వాళ్ళు లోపలికి మోసుకుంటూనే వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఆఖరికి నేల మీద పిడికెడు కాయలు మిగిలాయి. బారుకొకటి తీసుకున్నాయి. కింద ఒట్టి ఇసుక. ఒక్క కాయ లేదు!

ముత్తేలు మూట విప్పేసి, గడ్డంతా గూట్లోకి విసిరి, తన వాటా మోసుకోవడానికి పరిగెత్తింది. అప్పుడు కురిసింది వాన, కుండపోతగా.

ఎదురుగా గుహ ఉన్నా, పందెంలో బుట్ట కూడా పోగొట్టుకుని, వట్టి గోనెలు పట్టుకున్న మేనల్లుళ్ళకి మొహం చూపించలేక జంబయ్య వానలోనే తడుస్తూ నిలబడ్డాడు. కాసేపటికి మెల్లగా రేగు పొద దగ్గరికొచ్చి, తోక పిండుకుంటూ, తేనె పూసిన గొంతుతో అడిగాడు.

"టీచరమ్మా, ఊరికే అడుగుతున్నా... వచ్చే ఏడు ఇంకో రెండు కుటుంబాలొచ్చాయనుకో. పదమూడుకి సూత్రమేంటి?"

గిలక నోరు తెరిచేలోపే పొదలోంచి బుడుంగు తల బయటపెట్టింది. "దానికి వేరే ఉంది మామా. నువ్వు బండెక్కి చెప్పినా వింటాం. కానీ ఎందుకో కూడా చెప్పాలి!"

జంబయ్య తుమ్మాడు. 

నీతి: ఎందుకని అడగకుండా సూత్రాన్ని నమ్మడమంటే, మన వాటా తీసుకెళ్ళి ఆ సూత్రం చెప్పినవాడి నోట్లో పెట్టడమే.