ప్లగ్గు పీకిన తర్వాత

పున్నారావు తయారుచేసిన ఆంప్లిఫయర్‌కి మూత పడటం లేదు. మూత లేక కాదు. బిగించమని బాజీ మాస్టారు అనకపోవడం వల్ల.

తెనాలిలో బాజీ మాస్టారి దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ ఒక సంగతి తెలుసు. ఆయన నోట ‘బాగుంది’ అన్న మాట రాదు. పని నచ్చితే ‘మూత బిగించు’ అంటారు, అంతే. ఆ రెండు మాటల కోసం ఆరు నెలలు తిరిగినవాళ్లున్నారు. ఒకడైతే తిరగలేక సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకుని సుఖంగా ఉన్నాడు.

పున్నారావుది అంతకు మించిన పట్టుదల. వాళ్ల నాన్న నాటకాలకి మైకు సెట్టు పెట్టేవాడు. ఆయన పోయిన ఏడాదికే, ఆయన గాజు వాల్వుల ఆంప్లిఫయర్‌ని అన్న నాగభూషణం పాత ఇనుము కొనేవాడికి తూకానికి ఇచ్చేశాడు. తమ్ముడితో ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. ఈ నాలుగేళ్లలో పున్నారావు మాస్టారి దగ్గర చేరి, నాన్న సెట్టులాంటిదే మళ్లీ తయారుచేశాడు. పవర్ సప్లయ్ మాత్రం తన తెలివి కొద్దీ మార్చి, అక్కడి వాల్వు బదులు డయోడ్లు వేశాడు.

ఆ ఉదయం మాస్టారు పాట పెట్టి విన్నారు. తర్వాత పాట ఆపి, స్పీకరుకి చెవి ఆనించి విన్నారు. గుయ్యిమనే మోత లేదు. చివరి జంట వాల్వులు ఒకదాని బరువు ఒకటి పంచుకుంటూ నిలకడగా వెలుగుతున్నాయి.

“శబ్దం మీ నాన్నదే అబ్బాయ్,” అన్నారు.

పున్నారావు గోడకి ఆనించిన రేకు మూత వంక చూశాడు. ఇక ఆ రెండు మాటలే తరువాయి అనుకున్నాడు.

మాస్టారు సెట్టు ఆపి, పక్కకి ఒరిగించి అడుగు భాగం చూశారు. చూసేటప్పుడు ఎడమచెయ్యి వీపు వెనక్కి వెళ్లిపోయింది. ఆయన దగ్గర మొదటి పాఠం అదే. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా దారి చూసుకుంటుంది.

“కండెన్సర్ల పక్కన ఒక రెసిస్టరు ఉండాలే. ఏదీ?”

“బ్లీడరా మాస్టారూ? తీసేశాను. సెట్టు నడిచినంతసేపూ కాస్త కరెంటు తాగి వేడెక్కడం తప్ప అది చేసే పనేముంది? ఇల్లరికం అల్లుడు.”

“మరి సెట్టు కట్టేశాక కండెన్సర్లలో నిలవున్న కరెంటు ఎటు పోతుంది?”

“వాల్వులు వేడిమీదే ఉంటాయిగా. అవే తాగేస్తాయి.”

“ఊఁ,” అన్నారు మాస్టారు.

గుడ్డ పెట్టి వాల్వులన్నీ ఒక్కొక్కటే పీకి బల్ల మీద వరసగా పెట్టారు. ఖాళీ సెట్టుకి స్విచ్చి వేశారు. పది అంకెలు లెక్కపెట్టి కట్టేశారు. ప్లగ్గు పీకి పున్నారావు చేతిలో పెట్టారు.

“పట్టుకో.”

“ఎందుకు మాస్టారూ?”

“పట్టుకోవయ్యా.”

ఫ్లాస్కులోంచి టీ పోశారు. ఎడమచేత్తో ప్లగ్గు, కుడిచేత్తో గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు పున్నారావు. చొక్కా జేబులోంచి అన్న కూతురి శుభలేఖ అంచు కనపడుతోంది.

“మీ అన్న నాక్కూడా ఒకటి ఇచ్చి వెళ్లాడు,” అన్నారు మాస్టారు. “పెళ్లికి బాబాయి మైకే కావాలందట ఆ పిల్ల.”

“నేను వెళ్లను మాస్టారూ.”

“కోపమా?”

“కోపమేం లేదు. అసలేమీ లేదు. ఆ స్విచ్చి ఎప్పుడో కట్టేశాను. ప్లగ్గు కూడా పీకేశాను.” చేతిలోది పైకెత్తి చూపించి నవ్వాడు.

మాస్టారు నవ్వలేదు. గ్లాసులు కడిగి బోర్లించారు. ఎవరో పాత రేడియో పట్టుకొస్తే రేపు రమ్మని పంపించారు. అలా ఇరవై నిమిషాలు గడిచాయి.

“వైర్లన్నీ ఒక్కచోట ఎలా కలిపానో చూడండి,” అంటూ పున్నారావు సెట్టు అడుగున వేలు పెట్టబోయాడు. మాస్టారు మణికట్టు పట్టుకుని ఆపారు. ఆ ముసలి చేతికి అంత బలం ఉంటుందని పున్నారావు అనుకోలేదు.

రెండు వైర్లున్న చిన్న బల్బు ఒకటి తీశారాయన. ఒక వైరుని సెట్టు రేకుకి క్లిప్పుతో తగిలించి, రెండోది ఒంటిచేత్తో కండెన్సరుకి ఆనించారు.

బల్బు భగ్గున వెలిగింది. వెలిగి, మెల్లగా ఆరిపోయింది.

పున్నారావు తన చేతిలోని ప్లగ్గు వంక చూసుకున్నాడు. దాన్ని బల్ల మీద పెట్టేశాడు. 

“అలా ఎంతకాలం ఉంటుంది మాస్టారూ?”

“దారి ఇస్తే నిమిషం. ఇవ్వకపోతే నాకూ తెలీదు.”

మాస్టారు సొరుగులో వెతికి ఒక రెసిస్టరు తీసి ఇచ్చారు. పున్నారావు దాన్ని కండెన్సర్ల మధ్య పెట్టి టంకం వేశాడు. మళ్లీ ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసి, పది లెక్కపెట్టి, కట్టేసి, ప్లగ్గు పీకాడు. నిమిషం ఆగి బల్బు ఆనించాడు. వెలగలేదు. మళ్లీ ఆనించాడు. వెలగలేదు.

మాస్టారి మొహంలోకి చూశాడు. ఆయన బల్ల మీది వాల్వులకి దుమ్ము తుడుస్తున్నారు.

పున్నారావు వాల్వులన్నీ మళ్లీ పెట్టాడు. ఆ రెండు మాటలు అప్పుడూ రాలేదు. టంకం కడ్డీ చల్లారేదాకా అలాగే కూర్చున్నాడు పున్నారావు. తర్వాత జేబులోంచి శుభలేఖ తీసి, దాని మీది నంబరు చూసి ఒక్కో అంకే నొక్కాడు. తన ఫోనులో ఆ నంబరు ఎప్పుడో తీసేశాడు.

“హలో, ఎవరండీ?” అంది అవతలి గొంతు.



“అన్నా,” అన్నాడు పున్నారావు. “నాన్న సెట్టు అలా ఎందుకిచ్చేశావన్నా? నాతో ఒక్క మాట అనకూడదూ?”

అని, మాస్టారు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేశాడు.

నాగభూషణం ఏం చెప్పాడో మాస్టారికి వినపడలేదు. పున్నారావు “ఊఁ,” అన్నాడు. కాసేపటికి మళ్లీ “ఊఁ” అన్నాడు. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

“సరేలే. పందిట్లోకి ఎన్నింటికి తెమ్మంటావు మరి?”

మాస్టారు గోడకి ఆనించి ఉన్న రేకు మూత తీసి, నాలుగు మరలతో సహా అతని ముందు పెట్టారు.

“మూత బిగించు,” అన్నారు.